కుడి గొట్టంలో గళ్ళు

సెప్టెంబరు 4

పడకగది ద్వారబంధం వంగింది. పొద్దున ఎడమ పక్కకి తిరిగి, ముఖం సగం దిండులో పెట్టుకుని పడుకుని ఉంటే కనబడింది. కుడివైపు కొయ్య నడుము దగ్గర లోపలికి నొక్కుకుపోయింది. నాసిరకం చెక్క. వడ్రంగికి కబురు చెయ్యాలి.

అసలు సంగతి ఇది. ఇవాళ కోడ్ విప్పారు. నూట ఇరవై స్లైడ్లు, ఏడాదిన్నర కష్టం. స్లైడు మీద అంకె తప్ప ఇంకేమీ ఉండదు, చనిపోయాక కళ్ళిచ్చిన ఆ మనిషి ఎవరో, ఏ జన్యువుతో పుట్టారో లెక్కపెట్టే నాకు తెలియకూడదు. విప్పి చూస్తే, జన్యువులో ఆ ఒక్క అక్షరం తేడా ఉన్నవాళ్ళ కళ్ళల్లో చెత్త ఎత్తే కణాలు మిగతావాళ్ళ కంటే సగానికి సగం తక్కువ. ఇంత తేడా ఎవరూ అనుకోలేదు.

పెద్దాయన కుర్చీలో కూర్చోలేకపోయాడు. వయసు నలభై నాలుగు, ల్యాబుకి అధిపతి కాబట్టి అందరికీ పెద్దాయన. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. "కెమెరాతో లెక్కపెడదామని నేను గోల చేశాను. మీరు వద్దన్నారు. మీ మాటే నెగ్గింది మేడమ్" అన్నాడు. కెమెరాకి కణానికీ రంగు రేణువుకీ తేడా తెలియదు. నాకు తెలుసు. అదే మాట మళ్ళీ అన్నాను, కాస్త గట్టిగానే.

సెప్టెంబరు 5

అమ్మ అడిగింది, ఏం కనిపెట్టావే అని. ఎనభై మూడేళ్ళ మనిషికి చెప్పడం పెద్దాయనకి చెప్పడం కంటే కష్టం, ఊరికే తలాడించదు.

"ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారమ్మా. క్రిములు వస్తే తరుముతారు. వాళ్ళు రెచ్చిపోయి సొంత ఇల్లే పీకెయ్యకుండా ఒక బ్రేకు ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే ఆ బ్రేకు కొంచెం వదులు. అరవై దాకా ఏమీ తెలియదు. తర్వాత కంటి లోపలి తెర నడిమధ్యన పసుపు మచ్చలు పేరుకుంటాయి. కాపలావాళ్ళు వాటి మీద పడి కొట్లాడతారు, ఆ కొట్లాటలో చూపు పోతుంది."

"నాకు పోయినట్టు."

"నీకు పోయినట్టే. ఆ చెత్త ఎత్తే కణాలు ఇలాంటివాళ్ళలో తక్కువ ఉన్నాయని తేలింది. ఇప్పుడు వాటిని పిలిచే మందు కంట్లోకి ఎక్కించి చూస్తారు. ఎక్కించుకోవడానికి నలభై మంది పేర్లు కూడా ఇచ్చారు."

"కంట్లోకా? సూదితోనా?"

"సూదితోనే."

అమ్మ చీర కొంగు అంచు వేళ్ళతో తడుముకుంది. "సరిగ్గా లెక్కపెట్టావు కదా?" అంది.

నవ్వొచ్చింది నాకు. ముప్పై ఏళ్ళ నుంచి నేను చేస్తున్న పని ఏమిటో ఈవిడకి ఇంకా తెలియదు.

సెప్టెంబరు 12

వడ్రంగి వచ్చాడు. దారానికి ఇనప గుండు కట్టి ద్వారబంధం పక్కన వేలాడదీశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, నా వంక చూశాడు.

"నిటారుగానే ఉందమ్మా."

"మంచం మీంచి చూస్తే వంకర."

"నిలబడి చూడండి."

నిలబడి చూశాను. బాగానే ఉంది. "మంచం జరిపించుకోండి, చవకలో పోతుంది" అన్నాడు. అమ్మ పక్క గదిలోంచి పగలబడి నవ్వింది. వడ్రంగి టీ తాగి, టీపాయి కాలు ఊగుతుంటే దాన్ని బిగించి వెళ్ళాడు.

వెలుతురు పడే తీరు అయ్యుంటుంది.

సెప్టెంబరు 17

చికాకుగా ఉంది.

మా దగ్గర ఒక నియమం. ఒకరు లెక్కపెట్టిన స్లైడ్లలో పదోవంతు ఇంకొకరు మళ్ళీ లెక్కపెట్టాలి. ఈసారి ఆ పని రిబ్బనమ్మకి పడింది. రిబ్బనమ్మ అంటే మా కోత మిషను దగ్గర మనిషి. మైనంలో పొదిగిన కన్నుని వెంట్రుక కంటే పల్చగా కోస్తుంది, ఆ కోతలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా జారుతాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నడిమధ్య భాగం మడత పడకుండా కొయ్యడం ఆమె చేతిలోనే ఉంది, ఇంకెవరు కోసినా ముడతే.

ఆమె పన్నెండు స్లైడ్లు చూసింది, రెండు పెట్టెల్లోంచి ఆరేసి. మొదటి పెట్టెలోవి ఆరూ నా అంకెలతో సరిపోయాయి. రెండో పెట్టెలోవి ఆరూ సరిపోలేదు. అన్నిటా నాకంటే ఎక్కువ. ఎనభై ఎనిమిదో స్లైడుకి నేను పద్నాలుగు వేస్తే ఆవిడ ముప్పై ఒకటి వేసింది.

ముప్పై ఒకటి. కనబడ్డ ప్రతి మట్టి రేణువునీ కణం అనుకున్నట్టుంది.

సెప్టెంబరు 18

పిలిచి కూర్చోబెట్టి అడిగాను, మర్యాదగానే.

"కణం అంటే కొమ్మలు ఉండాలి, తెలుసు కదా?"

"తెలుసు మేడమ్. కొమ్మలున్నవే లెక్కేశాను."

"రంగు రేణువులు కూడా కలిపేసి ఉంటావు."

"లేదు మేడమ్. అక్కడ ఉన్నాయి. మీరు మళ్ళీ ఒకసారి చూడండి."

ఆమె ముందే చూశాను. ఎప్పటిలాగే ఎడమ కన్ను మూసి కుడి కంటితో. లెక్కకి వాడే గళ్ళ అద్దం మైక్రోస్కోపు కుడి గొట్టంలోనే ఉంటుంది, నాకు పని నేర్పినాయన ఒక కన్ను మూస్తేనే మనసు చెదరదు అనేవాడు, ముప్పై ఏళ్ళుగా అదే అలవాటు. పద్నాలుగే వచ్చాయి. పదిహేను అనుకుందాం.

"నాకు కనబడనివి నీకు కనబడుతున్నాయా?" అన్నాను. ఆ మాట కాస్త ఎక్కువైంది. ఆవిడ లేచి, కుర్చీ యథాస్థానంలో పెట్టి వెళ్ళిపోయింది.

పెద్దాయన కాగితం తయారుచేశాడు, ఫలానా వారి రెండో లెక్క నమ్మదగినది కాదు కాబట్టి పక్కన పెడుతున్నామని. సంతకం పెట్టాను.

సెప్టెంబరు 23

రిబ్బనమ్మ పలకరించలేదు. నాకేం పని, నేనూ పలకరించలేదు.

అక్టోబరు 1

రిబ్బనమ్మని కింద గదికి వేశారు. సీసాలకి చీటీలు అంటించే పని. నేను అడగలేదు, పెద్దాయనే వేశాడు. నమ్మకం లేని చేత్తో కోతలు కోయించకూడదట. కోతకీ లెక్కకీ ఏం సంబంధం అని అడుగుదామనుకున్నాను. వేరే పనిలో పడి మర్చిపోయాను.

మర్చిపోలేదు. అడగలేదు.

అక్టోబరు 4

కోత మిషను దగ్గర కొత్తమనిషి. మూడు కళ్ళు పాడయ్యాయి, అన్నీ మడతలే. ఎవరో బతికుండగా సంతకం పెట్టి ఇచ్చిన కళ్ళు.

అక్టోబరు 9

బుధవారాలు వాలంటీర్లకి గళ్ళ చార్టు పరీక్ష. అరచెయ్యంత కాగితం, చిన్న చిన్న గళ్ళు, మధ్యలో నల్ల చుక్క. ఒక కన్ను మూసుకుని చుక్కని చూడండి, గీతలు వంకరగా గానీ, ఎక్కడైనా తెగినట్టు గానీ ఉంటే చెప్పండి. ఇవాళ పదిహేడు మందికి ఈ మాటే చెప్పాను. ఒక రిటైరైన పోస్టుమాస్టరు, "ఈ కాగితం అచ్చు సరిగా పడలేదండీ, వేరేది ఇవ్వండి" అన్నాడు. అందరూ ముందు కాగితాన్నే అంటారు.

చార్టు ఒకటి నా సంచీలోకి వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియదు.

అక్టోబరు 10

చార్టు సంచీలోనే ఉంది.

అక్టోబరు 13, ఆదివారం

పొద్దున అమ్మా నేనూ బల్ల దగ్గర కూర్చున్నాం. నేను ఎడమ చెయ్యి చెంపకి ఆనించుకుని పేపరు చదువుతున్నాను. అమ్మకి నడిమి చూపు లేదు, మనిషిని చూడాలంటే తల పక్కకి వంచి కంటి చివర్నుంచి చూస్తుంది. ఆ చూపుతోనే చాలాసేపు చూసింది.

"ఏమే, నువ్వెందుకు తల వంచుతున్నావు?"

"ఎక్కడ వంచాను?"

"వంచావు. నాకు తెలియదా. పదకొండేళ్ళుగా వంచుతున్నాను."

మెడ పట్టేసింది అన్నాను. అమ్మ ఊరుకోలేదు. "నేను కూడా దారం మంచిది కాదన్నాను. మూడు కొట్లు మార్చాను. తర్వాత సూది బెజ్జం చిన్నదన్నాను. నీకు చెప్పడానికి రెండేళ్ళు పట్టింది నాకు."

"నల్లగా ఏమైనా కనబడేదా?"

"నల్లగా లేదు, తెల్లగా లేదు. ఏమీ లేనట్టే ఉండేది. లేనిది లేదని ఎలా తెలుస్తుందే?"

లేచి వచ్చేశాను. అమ్మ మీద విపరీతమైన కోపం వచ్చింది. ఇంత భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

అక్టోబరు 14

ఎడమ కన్ను మూసి చార్టు చూశాను. మధ్యలో గీతలు లోపలికి కుంగాయి. చుక్క లేదు.

రెండోసారి చూశాను. వేరే వెలుతురులో కూడా చూశాను. కాగితం తిప్పి చూశాను.

ఆఫీసుకి వెళ్ళి గది గడియ వేసుకుని గళ్ళ అద్దాన్ని కుడి గొట్టంలోంచి తీసి ఎడమ గొట్టంలో వేశాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. ఎనభై ఎనిమిదో స్లైడు. ఎడమ కన్ను.

ముప్పై.

రిబ్బనమ్మ ముప్పై ఒకటి అంది. ఒకటి నేను వదిలేసి ఉంటాను.

మొదటి పెట్టె నిరుడు వచ్చింది, అప్పుడు నా కన్ను బాగుంది. ఆ జన్యువు ఉన్నవాళ్ళ పెట్టె కుటుంబాల అనుమతులు ఆలస్యమై ఈ ఏడాది వచ్చింది. అప్పటికి నా కన్ను ఇలా అయింది. మేం కనిపెట్టింది వాళ్ళ కళ్ళలోని తేడా కాదు.

అక్టోబరు 16

కంటి డాక్టరు కింద అంతస్తులోనే. ఇరవై ఏళ్ళ స్నేహం. ఫొటో తీశాడు. ఇలాంటి ఫొటోలు వేలకొద్దీ చూశాను, చదవడం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా చెప్పమన్నాను.

"కుడిది పోయింది. అంటే మధ్యలో. ఎడమది మొదలైంది. మీకు తెలియలేదా?"

"రెండు కళ్ళూ తెరిచి చూస్తే ఎడమది సర్దేస్తుంది కదా."

"మీరు ఒక కన్ను మూసి చూసే మనిషి కదా, అందుకని అడిగాను."

ఫొటో కాపీ ఒకటి అడిగి తీసుకుని పైకి వచ్చేశాను.

అక్టోబరు 17

సొరుగులో పదకొండేళ్ళ కిందటి కవరు. అమ్మకి జబ్బు తేలినప్పుడు ఇద్దరం రక్తం ఇచ్చాం, ఫలితం నేను విప్పలేదు. ఇవాళ విప్పాను. ఆ వదులు బ్రేకు రెండు వైపుల నుంచీ వచ్చింది. నాన్న యాభై రెండుకే పోయాడు, ఆయన కళ్ళు ఎలా అయ్యేవో ఎవరికీ తెలియదు.

అక్టోబరు 21

చెప్పాలి. ఈ వారం పెద్దాయన ఊళ్ళో లేడు.

అక్టోబరు 24

ఉన్నాడు. పనిలో ఉన్నాడు.

అక్టోబరు 28

ఎడమ కంటితో మొత్తం నూట ఇరవై నేనే మళ్ళీ లెక్కపెట్టి, అప్పుడు చెబితే బాగుంటుందేమో. శాస్త్రీయంగా ఉంటుంది. రెండు నెలలు పడుతుంది. సూదుల పని డిసెంబరులో మొదలు.

ఇది రాసి చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. నాకు శాస్త్రం కాదు కావలసింది, గడువు. ముప్పై ఏళ్ళు కన్నంటే నాదే అని చెప్పుకుని తిరిగినదాన్ని, కన్ను లేదని ఎలా చెప్పను.

నవంబరు 4

చెప్పేశాను. పెద్దాయన గదిలో, తలుపు వేసి. ముందు నమ్మలేదు. తర్వాత ముఖం తెల్లబోయింది. పాపం, అతను కూడా ఈ ఫలితం గురించి అందరికీ చెప్పుకున్నాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"కంటి డాక్టరుకి తెలుసు. లెక్క సంగతి అతనికి తెలియదు."

లేచి కిటికీ కూడా మూశాడు. "మైక్రోస్కోపు లెన్సు మీద మరక ఉందని రాద్దాం మేడమ్. లెక్కలు వెనక్కి తీసుకుంటాం, సూదులు ఆపేస్తాం. మీ పేరు రాదు. ఏడాదిన్నరలో రిటైరవుతారు, గౌరవంగా వెళ్తారు. ఎవరికీ నష్టం లేదు."

నలభై మందికి సూదులు తప్పుతాయి. కావలసింది అదే కదా. సరే అన్నాను. గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఇంటికి వచ్చి అమ్మకి అన్నం పెట్టి నేనూ తృప్తిగా తిన్నాను.

నవంబరు 6

లెన్సులు ప్రతి సోమవారం తుడవాలి. తుడిచినట్టు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఏడాదిన్నర సంతకాలూ రిబ్బనమ్మవే.

నాకు ఈ సంగతి తెలుసు. ఆవిడ తుడుస్తుంటే ఎన్ని సోమవారాలు పక్కన నిలబడి టీ తాగానో. మరి నాలుగో తేదీన నాకెందుకు గుర్తు రాలేదు? గుర్తు రాలేదనే రాసుకుంటున్నాను, ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా.

ఇవాళ పొద్దున ఆమెకి కాగితం ఇచ్చారు. లెన్సు శుభ్రం చెయ్యడంలో నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే కాంట్రాక్టు రద్దు.

కింద గదికి వెళ్ళాను. సీసాల మధ్య స్టూలు మీద కూర్చుని చీటీలకి జిగురు రాస్తోంది. కాగితం బల్ల మీదే ఉంది.

"మరక లేదు" అన్నాను.

"తెలుసు మేడమ్. నేనే కదా తుడిచింది."

"మరక నా కంట్లో ఉంది. కుడి కంట్లో. నువ్వు చెప్పిన ముప్పై ఒకటీ ఉన్నాయి."

చేతిలో చీటీ సీసాకి అంటించి, వేలితో నాలుగు మూలలా నొక్కింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఇరవై మూడు రోజులైంది."

"నేను ఈ గదికొచ్చి ముప్పై ఆరు రోజులు." లెక్కలో ఎప్పుడూ తప్పు చెయ్యదు. "మా ఇంట్లో ఏమనుకున్నారో తెలుసా మేడమ్? నా చూపు తగ్గిందనుకున్నారు. మా ఆయన కళ్ళజోడు చేయించాడు. నేనూ నిజమేనేమో అనుకుని పెట్టుకున్నాను. అది పెట్టుకుంటే తల తిరుగుతుంది."

నా కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆవిడ కళ్ళల్లో రాలేదు.

"తప్పు చేశాను" అన్నాను.

"నాకొక్కదానికి చెబితే ఏం లాభం? నా లెక్క పనికిరాదని అందరికీ తెలిసేట్టే కదా రాశారు." ఇంకో చీటీ తీసుకుంది. "రేపు గురువారం. మీటింగు ఉంది."

నవంబరు 7

చెప్పాను. పందొమ్మిది మంది ఉన్నారు. రాసుకున్న కాగితం తీసుకెళ్ళాను గానీ పైకి చదవడానికి చూపు ఆనలేదు, మధ్యలో మాటలు మాయమవుతున్నాయి. కాగితం మడిచి నోటితోనే చెప్పాను. లెన్సు బాగుంది, పుస్తకంలో సంతకాలన్నీ నిజం, రిబ్బనమ్మ లెక్క సరైనది, నాది తప్పు, సెప్టెంబరు పద్దెనిమిదిన నేను సంతకం పెట్టిన మాట అబద్ధం, అక్టోబరు పద్నాలుగు తర్వాత ఆ అబద్ధం తెలిసి కూడా దాచాను. పెద్దాయన బల్ల వంకే చూస్తూ కూర్చున్నాడు. చివర్లో లేచి లెన్సు మాట తనదేనని చెప్పాడు. అతను చెబుతాడని నేను అనుకోలేదు.

రిబ్బనమ్మ వెనక వరసలో కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకోలేదు.

నవంబరు 11

రెండో లెక్క మొదలు. రిబ్బనమ్మ రెండు కళ్ళూ తెరిచి చూస్తుంది, పైన కెమెరా కూడా పెట్టారు. ఎవరైనా పక్కన కూర్చుని ఆమె చెప్పినప్పుడల్లా లెక్కమీట నొక్కాలి. నేను కూర్చుంటానన్నాను. ఆవిడ స్టూలు మాత్రం జరిపింది.

పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆవిడ "ఊఁ" అంటే నేను నొక్కడం. ఇంకో మాట లేదు.

నవంబరు 15

"ఊఁ."

నవంబరు 22

అయిపోయింది. రెండు గుంపులకీ తేడా లేదు. ఏమీ లేదు. ఏడాదిన్నరలో మేం కనిపెట్టింది ఏమీ లేదు. పెద్దాయన నలభై మందికీ ఉత్తరాలు రాయించాడు, ప్రయోగం లేదని.

అమ్మకి చెప్పాను. "పోనీలే, నలభై మందికి సూదులు తప్పాయి" అంది. తర్వాత నా ముఖం చేతులతో తడిమి చూసింది. "నీకు ఎంతవరకు కనబడుతోంది?" అని అడిగింది. నిజం చెప్పాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆ తర్వాత అమ్మ, అన్నంలో రాళ్ళు ఎలా ఏరాలో, బస్సు నంబరు ఎలా చూడాలో, తల ఎంత వంచితే మనిషి ముఖం చిక్కుతుందో నేర్పడం మొదలుపెట్టింది. నా గదిలోకి తీసుకెళ్ళి ద్వారబంధం మీద చెయ్యి పెట్టించింది. నిటారుగా ఉంది.

నవంబరు 25

కళ్ళు ఇచ్చే ఫారం ఇన్నేళ్ళలో ఎందరి చేతో నింపించాను. నాది ఇవాళ నింపాను. ఏ కంటితో తప్పు లెక్కపెట్టానో ఆ కంట్లో అసలు ఎన్ని కణాలున్నాయో ఎవరో ఒకరు చూడాలి. సాక్షి సంతకం కావలసి వచ్చి కోత గదికి వెళ్ళాను. రిబ్బనమ్మ మిషను దగ్గరికి తిరిగి వచ్చేసింది. మైనం దిమ్మ బిగిస్తోంది.

ఫారం చదివింది, వెనక్కి తిప్పి కూడా చదివింది. ఆమె చదువుతుంటే నేను నిలబడే ఉన్నాను. ఆ "ఊఁ"లు కాక, పందొమ్మిది రోజుల తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అప్పుడు వచ్చింది.

"చూపు ఏ కంట్లో పోయింది అన్న గడి ఖాళీగా వదిలేశారు."

"ఎక్కడ?"

నా వేలు పట్టుకుని ఆ గడి మీద పెట్టింది. కుడి అని రాశాను. ఆవిడ కింద సంతకం చేసి, ఫారం నాకివ్వకుండా తన సొరుగులో పెట్టుకుంది.

"ఇది నేనే కోస్తాను మేడమ్. వేరేవాళ్ళకి ఇస్తే మధ్యలో మడత పెడతారు."

"నువ్వు అప్పటికి రిటైరయిపోతావు."

"అయినా వస్తాను" అని మిషను తిప్పింది.